పన్ను మేస్త్రి

కిందటి నెల విజయనగరంలో ఒక పళ్ళ డాక్టరమ్మ నా దవడ పన్ను పీకింది. అరవై మూడేళ్ళవాడి పన్ను ఊడడం పేపర్లో వేయించుకునే వార్తేమీ కాదు. అయితే ఆ అమ్మాయి నోరు ఊరుకోదు. మత్తుసూది పొడిచి, బుగ్గ మొద్దుబారేలోగా నాకు కాలక్షేపం చేద్దామనుకుంది.

"భయపడకండి అంకుల్. పూర్వం రష్యాలో ఒక రాజుండేవాడట. పళ్ళు పీకడమంటే ఆయనకి భలే సరదా. ఎవరికైనా పంటినొప్పని తెలిస్తే చాలు, తనే పటకారు పట్టుకొచ్చేసేవాడట. ఆ భయానికి ఆయన దగ్గర పనిచేసేవాళ్ళు నొప్పున్నా చెప్పేవాళ్ళు కాదట. పీకిన పళ్ళన్నీ సంచిలో దాచుకున్నాడు. అవి ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. మా కాలేజీలో ఒక మేడమ్ ఫోటో చూపించారు" అంది.

నేను కుర్చీలోంచి లేవబోయాను. "అది అబద్ధం కదమ్మా" అనాలనుకున్నాను. నోట్లో దూదీ, గొట్టమూ ఉన్నాయి. గుర్రుమన్న చప్పుడు తప్ప మరేమీ రాలేదు. పాపం, నొప్పనుకుని ఇంకో సూది వేసింది.

ఇంటికొచ్చి, బుగ్గలో దూది అలాగే కరుచుకుని సెల్‌ఫోన్లో వెతికాను. ముప్పై రెండేళ్ళు హైస్కూళ్ళలో సోషల్ చెప్పినవాణ్ణి. ఎక్కడ వెతకాలో ఆ మాత్రం తెలుసు. డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. రాజు పీకిన పళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి, ఫోటోతో సహా. వంట గదిలోంచి మా ఆవిడ "ఏమైందండీ, నెత్తురు కారుతోందా?" అని అడిగింది. లేదని చెయ్యి ఊపాను. ఇదే మాట ఇరవై ఏళ్ళ కిందట సాలూరులో ఒక మనిషి చెబితే, బడిపిల్లలందరి ముందూ ఆయన్ని నవ్వులపాలు చేసింది నేనే. ఆ సంగతి మా ఆవిడకి కూడా నేను వేరేగా చెప్పుకున్నాను.

ఆయన లారీ బాడీలు కట్టే వడ్రంగి. సాలూరంటేనే లారీలు. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ వస్తాయి. వెనకాల సరుకు మోసే చెక్క పెట్టె అంతా అక్కడి షెడ్లలోనే కడతారు. ఆ షెడ్లలో ఒకదానికి ఆయన పెద్ద మేస్త్రి. ఆయనకి ఒక పేరుంది, మంచి పేరు. దాన్ని చెడగొట్టినవాణ్ణి కనక ఇక్కడ రాయను. మేస్త్రి అంటే చాలు.

మనిషి అయిదడుగుల రెండంగుళాలు. ఈ కొలత ఆయన చెప్పిందే. ఎవరు కనిపించినా ముందు నిలువునా చూసి కొలత చెప్పడం ఆయన అలవాటు. నన్ను మొదటిసారి చూసినప్పుడు "అయిదూ అయిదున్నర. జోళ్ళిప్పితే అయిదూ అయిదే" అన్నాడు. అప్పటికి నేను మడమ ఎత్తున్న జోళ్ళు వేసుకుంటున్నానని నాకూ, జోళ్ళ కొట్టువాడికీ తప్ప ఎవరికీ తెలీదు. చెవి మీద ఎర్ర పెన్సిలు, భుజం మీద తువ్వాలు, రోజూ నున్నగా గీసుకున్న గడ్డం. ఆ గడ్డానికీ ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు రష్యా రాజు.

ఎవరో డ్రైవరు విశాఖపట్నంలో పాత పుస్తకాల బండి దగ్గర ఒక పుస్తకం కొని, చదవలేక, ఈయనకిచ్చి పోయాడు. రష్యాలోనే అచ్చయిన తెలుగు పుస్తకం. ముందు అట్టా, మొదటి నాలుగు పేజీలూ లేవు. అందువల్ల ఆ రాజు ఎక్కడ పుట్టాడో, తండ్రెవరో మేస్త్రికి తెలీదు. "మావోడు బాడిస అట్టుకునే పుట్టినాడు మాస్టారూ" అనేవాడు. అయిదో పేజీలో ఆ రాజు పరాయి దేశపు ఓడల షెడ్డులో, మారుపేరు పెట్టుకుని, బాడిసతో దూలం చెక్కుతూ కనిపిస్తాడు మరి. చరిత్రలో ఆయన్ని పీటరు అంటారు. మేస్త్రి ఒక్కసారైనా ఆ పేరు పలకలేదు. మావోడు అనేవాడు. కొత్తవాళ్ళ ముందయితే 'వడ్రంగి రాజు' అని కాస్త మర్యాదగా అనేవాడు.

అయిదో తరగతిలో బడి మానేసిన మనిషి. చెవి మీది పెన్సిలు తీసి అక్షరం కింద ఆనించి, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా ముందు తనలో తాను పలికి చూసుకుని అప్పుడు బయటికి చదివేవాడు. పేజీకి పావుగంట పట్టేది. అలా ఆ పుస్తకం ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. నేను చదివిన పుస్తకాలన్నీ కలిపినా అంత శ్రద్ధ ఉండదు.

షెడ్డు గుమ్మం పక్క స్తంభం మీద ఆరడుగుల ఎనిమిదంగుళాల ఎత్తున ఒక గీత గీశాడు. మావోడి పొడుగు అది. ఎంత పొడుగు డ్రైవరు వచ్చినా ఆ గీత కింద నిలబెట్టి, "ఇంకా జానెడు తక్కువున్నావురా, పప్పు తిను" అనేవాడు. రాయపూరు రోడ్డు మీద వారాల తరబడి తిరిగి, గడ్డాలు పెంచుకుని వచ్చే డ్రైవర్లని అసలు వదిలేవాడు కాదు. "మావోడు సూసినాడంటే కత్తెరట్టుకొస్తాడు. గడ్డం ఉంచుకుంటావా, అయితే పన్ను కట్టు" అని ఒక టీ వసూలు చేసేవాడు. టీ తాగాక, చెక్క ముక్కతో చేసిన రూపాయంత బిళ్ళ చేతిలో పెట్టేవాడు. దాని మీద ముక్కూ, మీసమూ, గడ్డమూ చెక్కి ఉండేవి. వెనకవైపు 'పన్ను ముట్టినాది' అని రాసి ఉండేది. డ్రైవర్లు దాన్ని నిమ్మకాయా మిరపకాయల పక్కనే వేలాడదీసుకునేవారు.

బండి కట్టడం పూర్తయిన రోజున ఇంకో తంతు. ఖాళీ లారీ బాడీలోకి ఎక్కి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, డ్రైవర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మావోడి కథ ఒకటి చెప్పేవాడు. ఒక బండికి ఒక కథ. "ఉట్టి బండి పంపకూడదు. మొదలు ఏదో ఒకటి ఎక్కించాల" అనేవాడు. తొందరున్న ఓనర్లు విసుక్కునేవారు. డ్రైవర్లు మాత్రం కదిలేవారు కాదు.

బడి బెంచీలు బాగుచేయించడానికి వెళ్ళి నేను ఆయనకి అలవాటు పడ్డాను. సాయంత్రం బడి విడిచాక షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగేవాణ్ణి. నన్ను చూస్తే ఆయనకి పండగ. చదువుకున్నవాడు దొరికాడని.

"మాస్టారూ, మన రాజుల్ల ఒకడైనా బాడిస అట్టినాడా?"

"రాజులకి ఆ ఖర్మేమిటి మేస్త్రీ?"

"ఆడెవడితోనో యుద్ధం సేసినాడు, ఈడి కోట పట్టీసినాడు అని సెప్తారు గదా పిల్లలికి. ఆలకి ఏ పని వచ్చో ఎందుకు సెప్పరు?"

నవ్వేసి ఊరుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం ఇంటిదాకా నా వెంట వచ్చింది. నా క్లాసులో ఆ రష్యా రాజుకి నేనిచ్చింది మూడు వాక్యాలు. దేశాన్ని ఆధునీకరించాడు, గడ్డాలు తీయించి గడ్డం పన్ను వేశాడు, ఓడరేవు కోసం యుద్ధాలు చేశాడు. అండర్‌లైన్ చేసుకోండి అనేవాణ్ణి. చేసుకునేవారు, ఆవులిస్తూ.

ఒక ఏడాది మా హెడ్మాస్టరుకి ఒక ఆలోచన వచ్చింది. ఊళ్ళో చేతిపనివాళ్ళని పిలిచి, వాళ్ళ పని గురించి పిల్లలకి చెప్పిద్దామన్నాడు. మేస్త్రిని పిలవమని చెప్పింది నేనే. ఇది నా గొప్పకి రాయడం లేదు. పిలిచినవాణ్ణీ, పరువు తీసినవాణ్ణీ ఇద్దరూ నేనే అని రాస్తున్నాను.

ఉతికిన చొక్కా వేసుకుని, గుడ్డసంచీతో వచ్చాడు. వేదిక ఎక్కనన్నాడు. పిల్లల మధ్యన బల్ల వేయించుకుని దాని మీద కూర్చున్నాడు. మద్ది కర్ర గురించీ, చిత్రిక పట్టడం గురించీ రెండు మాటలు చెప్పి, వెంటనే మావోడి దగ్గరికి వెళ్ళిపోయాడు. రాజు వడ్రంగి పని ఎలా నేర్చుకున్నాడో చేతులతో చేసి చూపించాడు. చల్లటి నీళ్ళలో దూకి సిపాయిల్ని ఎలా లాగాడో చెబుతూ చొక్కా చేతులు పైకి మడిచాడు. వెనక బెంచీల వాళ్ళు లేచి నిలబడ్డారు. నా క్లాసులో తలెత్తని ఒక అమ్మాయి, "తరవాతేమయ్యింది తాతా?" అని అడిగింది. ఆ గొంతు అలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. తరవాత సంవత్సరాల్లో చాలా సాకులు చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి ఇది. నాకు కుళ్ళు పుట్టింది.

"మావోడి కాడ ఒక సంచుండీది. అందల ఏటుండీదో సెప్పండి సూద్దాం" అన్నాడు మేస్త్రి.

"డబ్బులు!"

"బంగారం!"

"కాదు. పళ్ళు. మనుసుల పళ్ళు. మావోడే సొయంగా పీకీసి దాసీవోడు."

పిల్లలు 'హా' అని నోళ్ళు తెరిచారు. కొందరు బుగ్గలు పట్టుకున్నారు. అప్పుడు నేను లేచాను.

"ఒక్క నిమిషం మేస్త్రీ" అన్నాను. క్లాసులో ఎన్నడూ రానంత హుషారు నా గొంతులోకి వచ్చింది. "పిల్లలూ, తెలుగులో పన్ను అంటే రెండర్థాలు. ఒకటి నోట్లో ఉండేది. రెండోది ప్రభుత్వానికి కట్టేది. ఆ రాజు గడ్డం పన్ను వేశాడని మనం చదువుకున్నాం కదా? పుస్తకంలో పన్ను వసూలు చేశాడని ఉంటే, మన మేస్త్రిగారు దాన్ని పీకి సంచిలో వేశారు."

పిల్లలు నవ్వారు. అయ్యవార్లూ నవ్వారు. మేస్త్రికి కోపం రాలేదు. గుడ్డసంచిలోంచి పుస్తకం తీసి, పేజీ వెతికి, పెన్సిలు ఆనించి నాకిచ్చాడు.

"ఇదిగో, ఈడున్నాది మాస్టారూ. సూడండి."

పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. పేజీ వంక చూశాను. మూసి ఇచ్చేశాను.

"పన్నే. శిస్తు" అన్నాను. ఊరుకుంటే ఎంత బాగుండేది. నవ్వుల రుచి మరిగినవాణ్ణి, ఇంకో మెట్టు ఎక్కాను. "రేపు మునిసిపాలిటీవాళ్ళు వచ్చి ఇంటి పన్ను కట్టమంటే, మన మేస్త్రి నోరు తెరిచి దవడ చూపిస్తారు కాబోలు!"

ఆ నవ్వుకి కిటికీల మీది పావురాలు లేచిపోయాయి. మేస్త్రి పుస్తకం వంక చూశాడు, నా వంక చూశాడు. "అలగా" అన్నాడు. తరవాత తనూ కొంచెం నవ్వాడు. "సదువు నేనోణ్ని గదా పిల్లలూ. మాస్టారు సెప్పిందే రైటు" అని బల్ల మీంచి లేచాడు. మిగిలిన కథ ఎవరూ అడగలేదు.

వారం తిరక్కుండా ఊరంతా ఆయన్ని పన్ను మేస్త్రి అనడం మొదలుపెట్టింది. బడిపిల్లలు ఇంట్లో చెప్పారు, ఇంట్లోవాళ్ళు షెడ్లలో చెప్పారు. లారీవాళ్ళు షెడ్డు ముందు బండి ఆపి, హారన్ కొట్టి, పళ్ళు ఇకిలించి "మేస్త్రీ, పన్ను కట్టీమంటావా?" అని అరిచి పోయేవారు. అంతకు ముందు ఆ మాటే ఆయన వాళ్ళతో అనేవాడు. ఇప్పుడు వాళ్ళు ఆయనతో అంటున్నారు.

ఆ ఆదివారం పొద్దున్నే మా గేటు దగ్గర జోళ్ళు విప్పి నిలబడ్డాడు. పోట్లాటకి వచ్చాడనుకున్నాను. లోపలికి రమ్మంటే వచ్చి, కుర్చీ చివర కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకేటేటి తప్పులున్నాయో సెప్పీయండి మాస్టారూ. ఇన్నాళ్ళూ పిల్లలికీ డ్రైవర్లకీ తప్పుడు కతలు సెప్పీసినాను. ఇకమీదనైనా సెప్పకూడదు గదా."

ఎగతాళి ఏమోనని ఆయన మొహం పరీక్షగా చూశాను. ఎగతాళి కాదు. నా మీద నమ్మకం.

అప్పుడైనా నాకు తెలీదని చెప్పొచ్చు. రెండ్రోజులాగు, చూసి చెబుతానని అనొచ్చు. అనలేదు. చదువుకున్నవాడి ఇంటికి చదువు లేనివాడు వచ్చి అడిగితే, తెలీదనడం నాకు చేతకాలేదు. ఆయన ఒక్కో కథా చెప్పేవాడు. నేను టీ తాగుతూ రైటో తప్పో చెప్పేవాణ్ణి. ఆయన పుస్తకంలో ఆ పేజీ తీసి, రైటయితే పక్కన టిక్కు పెట్టేవాడు, తప్పయితే ఆ వాక్యాలన్నీ అడ్డంగా కొట్టేసేవాడు.

వడ్రంగి పని రైటన్నాను. అది మా టెక్స్టుబుక్కులో ఉంది. ఆరూ ఎనిమిది పొడుగు తప్పన్నాను. రాజుల్ని అలాగే పొగుడుతారన్నాను. అంత పొడుగు మనిషికి చిన్న పాదాలేమిటి, అదీ తప్పే. గడ్డం పన్ను కట్టినవాళ్ళకి బిళ్ళలిచ్చాడంటే, బిళ్ళలెందుకు, రసీదిస్తారు, తప్పన్నాను. ఆ రాజు మ్యూజియం పెట్టి, చూడ్డానికి వచ్చినవాళ్ళకి టిక్కెట్టు పెట్టకపోగా ఎదురు కాఫీ ఇప్పించాడంటే, పెద్దగా నవ్వి, "మీరు నమ్మారా?" అన్నాను. ఆయన సిగ్గుపడి గీత గీశాడు. సిపాయిల కోసం చల్లటి నీళ్ళలో దూకి, ఆ జబ్బుతో పోయాడన్న కథ మాత్రం నాకు నచ్చింది. రాజంటే అలా పోవాలి. రైటన్నాను.

"రెండు మిగిలినాయి" అన్నాడు వెళ్తూ. "నయం. మీరు సెప్పకపోతే తెల్సీదే కాదు." దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆ తరవాత ఎప్పుడో షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే చూశాను. స్తంభం మీద గీత లేదు. ఆ మేర చిత్రిక పట్టేశాడు. బిళ్ళలు చెక్కడం మానేశాడు. కొత్త బండి కట్టడం పూర్తయితే చెక్క మీద రెండుసార్లు అరచేత్తో తట్టి, తీసుకుపొమ్మని డ్రైవరుకి చెప్పేసేవాడు. నన్ను చూసి బల్ల తుడిచి, "రండి మాస్టారూ" అనేవాడు. నేను పనుందని తప్పించుకునేవాణ్ణి. మరుసటి ఏడు నరసన్నపేట బదిలీ అయింది. అక్కడే రిటైరయ్యాను. ఆయన్ని మరిచిపోయానని రాయడం తేలిక. మరిచిపోలేదు. అక్కడ కూడా టీచర్ల గదిలో కబుర్లు చప్పబడినప్పుడల్లా పన్ను మేస్త్రి కథ చెప్పి నవ్వించాను. మా ఆవిడకీ అలాగే చెప్పాను.

డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నం, పళ్ళ సంగతితో ఆగలేదు. ఒక్కొక్కటే వెతికాను. పొడుగు నిజం. చిన్న పాదాలు నిజం. ముక్కూ మీసమూ గడ్డమూ ఉన్న రాగి బిళ్ళ నిజం. దాని మీద పన్ను ముట్టినట్టు రాసి ఉండడం కూడా నిజం. మ్యూజియంలో కాఫీ నిజం. నేను పెద్దమనసుతో రైటు పెట్టించిన ఆ చల్లటి నీళ్ళ కథ ఒక్కటే అనుమానమట. తరవాతివాళ్ళు అల్లి ఉంటారని చరిత్రకారులు అంటున్నారు.

బుగ్గ వాపు కాస్త తగ్గాక సాలూరు బస్సెక్కాను. ఆయనకి చెప్పాలని. ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. ఇల్లు దొరికింది. వాకిట్లో ఆయన భార్య చేటలో పెసలు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టి లేచింది.

"ఆయన నేరు బాబూ. పోయి ఎనిమిది నెల్లయినాది" అంది. "మీరంటే సానా గౌరం ఆయనకి. కూకోండి."

అరుగు మీద కూర్చున్నాను. పుస్తకం ఉందా అని మాత్రం అడిగాను. లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టినది తెచ్చి ఇచ్చింది.

"మీరు సెప్పినాక ఎన్ని గీతలు గీసీసినాడో సూడండి. గీసీసినయ్యి మరి సెప్పలేదు. ముందల ఇన్నోలు కనపడితే ఆపి మరీ, 'అది తప్పురా, నాను తెలీక సెప్పీసినాను' అనీవోడు. ఆకర్న ఆస్పత్రిలోన పక్క మంచమాయనకి నీళ్ళల్ల దూకిన కత సెప్పినాడు. 'ఇది నిజిం. మాస్టారు రైటన్నారు' అన్నాడు."

జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను. ఎర్ర పెన్సిలు గీతల కింద అచ్చు స్పష్టంగా కనిపిస్తోంది. గడ్డం పన్ను సంగతి ఒక పేజీలో ఉంది. పళ్ళ సంగతి రెండు పేజీల తరవాత ఉంది. అక్కడ పటకారు ఉంది, దవడ ఉంది, నొప్పితో అరిచే నౌకరు ఉన్నాడు. ఒకటికి రెండుసార్లు 'పళ్ళు' అని ఉంది. చదవడం వచ్చిన ఎవడూ దాన్ని శిస్తు అనుకోడు. నేనూ అనుకోలేదు. ఆ రోజు బడిలో నేనది చదవలేదు. అప్పటికి నాకు కొత్తగా చత్వారం వచ్చింది. కళ్ళజోడు జేబులోనే ఉంది. పిల్లల ముందూ, కొత్తగా చేరిన లేడీ టీచర్ల ముందూ ముసలివాడిలా కనిపించడం ఇష్టం లేక తీయలేదు. పేజీ మీద నాకు కనిపించింది అలుక్కుపోయిన నలుపు. దాని వంక చూసి 'పన్నే' అన్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా, నేను కొట్టేయించినవన్నీ నిజమే. తప్పు నాది" అన్నాను. ఏవేవి నిజమో వరసగా చెప్పాను. ఆవిడ చేట పక్కకి జరిపి కూర్చుని విన్నది.

"అయితే ఆయన తప్పు సెప్పనేదా?"

"లేదమ్మా."

"మరి ఆ మాట ఆయనకి సెప్పాల గానీ నాకెందుకు బాబూ?" అంది. తిట్టినట్టు లేదు. నిజంగానే అడిగింది. నేను పుస్తకం మూసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడే మళ్ళీ, "పాడె మీదున్నప్పుడు గూడా పన్ను మేస్త్రి అనే అన్నారు. అందరి ముందల నవ్వినారు గదా ఆ రోజు. అందరి ముందలే సెప్పండి. పదండి, నానూ వస్తాను. నా సెవుల్తో ఇంటాను" అని లేచింది.

ఆవిడ పుస్తకం పట్టుకుని ముందు నడిచింది. నేను వెనక నడిచాను. షెడ్డు ఇప్పుడు చాలావరకు ఇనుప పనికి మారిపోయింది. పక్కన టీ బడ్డీ దగ్గర ఏడెనిమిది మంది వడ్రంగులూ డ్రైవర్లూ ఉన్నారు. సగం మంది నన్ను ఎరిగినవాళ్ళే. ఆ రోజు బడిలో నవ్విన పిల్లల తండ్రులు.

"ఏటి మాస్టారూ, ఇలగొచ్చినారు? బుగ్గ అలగున్నాదేటి?" అన్నాడు ఒక ముసలి డ్రైవరు.

"పన్ను పీకించుకున్నాను" అన్నాను.

"అయితే మన పన్ను మేస్త్రి ఉంటే సంచిలో ఏసుకునీవోడు!" అన్నాడు. అందరూ నవ్వారు. నా మాటే అది, ఇన్నేళ్ళ తరవాత నాకే తిరిగొచ్చింది. నా పక్కనున్న ఆవిడ్ని చూసి నవ్వు ఆపేశారు.

ఇంక ఆలస్యం చేస్తే చెప్పలేనని తెలిసి, నిలబడే చెప్పేశాను. "మేస్త్రి చెప్పింది నిజమయ్యా. ఆ రాజు నిజంగానే పళ్ళు పీకాడు. ఆ పళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు బడిలో తప్పు చెప్పింది నేను. ఆయన్ని అన్యాయంగా నవ్వులపాలు చేశాను."

ముసలి డ్రైవరు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "పెద్ద మనసు మాస్టారూ మీది" అన్నాడు. "పోయినోడి పరువు కోసరం తప్పు మీ మీదేసుకున్నారు. దానికోసరం ఇంత దూరం బస్సెక్కి వచ్చినారు. ఈ రోజుల్ల ఎవులు సేస్తారు?"

"అవునవును" అన్నారు మిగతావాళ్ళు. ఒకడు నాకు దణ్ణం పెట్టాడు.

"కాదయ్యా, నిజంగానే తప్పు నాదే" అన్నాను.

"ఊరుకోండి మాస్టారూ. మీరు తప్పు సెప్పడమేటి? మాకు తెల్దేటి?" అని బల్ల తుడిచి, భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ఆవిడ నా మొహం కేసే చూస్తోంది. కళ్ళజోడు సంగతి చెబితే వాళ్ళు నమ్ముతారు. అది పెద్దమనసుతో కల్పించి చెప్పే మాట కాదు, సిగ్గుమాలినవాడు తప్ప చెప్పలేని మాట. నమ్మితే నవ్వుతారు. ఈ ఊళ్ళో ఒకసారి నవ్వడం మొదలుపెడితే మనిషి పాడె ఎక్కేదాకా ఆపరని నాకు తెలుసు. గొంతుదాకా వచ్చింది. ఎవరో వేడి టీ గ్లాసు నా చేతిలో పెట్టారు. పుచ్చుకున్నాను.

ఆవిడ నేను టీ తాగడం అయ్యేదాకా అలాగే నిలబడి చూసి, పుస్తకం కొంగులో చుట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.